మూడొద్దుల చేపపిల్ల

(మాదాపూర్‌లో ఓ ఐటీ కంపెనీ మీటింగ్ గది. ఆస్ట్రేలియా దక్షిణాన చల్లటి సముద్రంలో, రాళ్ల మధ్య పెరిగే చేపల పిల్లలను ఫొటోల్లో చూసి, ఏది ఏ జాతో గుర్తించడం ఇక్కడి పని. టీమ్ లీడ్ కిరణ్మయి, ఆమె దగ్గర పనిచేసే భూలక్ష్మి.)

"...సంతకం పెట్టేసెయ్ భూలక్ష్మీ. రాజీనామా అనే రాయించాను, తీసేశామని కాదు."

"కారణం కాడ 'పదే పదే తప్పులు' అని ఉంది గద మేడమ్. ఇది జూసి ఇంకో కంపెనీల ఎవలు తీసుకుంటరు? ఏం తప్పులు?"

"ఫొటోలు తీసిన పిల్లల్నే క్లయింట్ వాళ్లు తొట్లలో పెంచి చూశారట. పెద్దయ్యాక తేలింది. నీ లాగిన్‌లో నాలుగొందల పేర్లు తప్పు."

"నాలుగొందలా? నేను తెల్వనిదానికి పేరే పెట్టలే. పుట్టి మూడొద్దులైన పిల్లకు ఏముంటది మేడమ్? రెండు కండ్లు, ఇంత పొట్ట. చారలు రాలే, రెక్కలల్ల ముండ్లు రాలే. అందుకే 'చెప్పలేం' అని కొట్టిన."

"అదే కదా గొడవ. వందకి ముప్పై 'చెప్పలేం' అంటే ఎలా? ఐదు దాటకూడదు. అందరూ పెట్టట్లేదా పేర్లు?"

"ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పెట్టాల్నా? ఎమ్మెస్సీ జువాలజీ చదివిన. నాతోని కాదు."

"సరేలే. హెచ్ఆర్ వాళ్లు వెయిట్ చేస్తున్నారు."

"చెయ్యనియ్యుండ్రి. ఆ తప్పులు ఏ తారీఖుల ఉన్నయి?"

"తారీఖులెందుకమ్మా ఇప్పుడు?"

"జర చూడుండ్రి. ల్యాప్‌టాప్ మీ దిక్కే ఉంది."

"...మూణ్నెల్ల కిందటివి. పద్నాలుగు, పదిహేను."

"ఆ రెండొద్దులు నేను లింగంపల్లిల దవాఖానల ఉన్న. అమ్మకు ఆపరేషన్. మీరే పొమ్మన్నరు, నేను చూసుకుంట అన్నరు."

"అన్నాను. కాదన్నానా? టీమ్ నంబర్లు పడిపోతున్నాయని పైవాళ్లు నన్నెంత..."

"నేను ఆపరేషన్ గది బయట కూసున్న. గా నాలుగొందల పిల్లలకు పేర్లెవలు పెట్టిండ్రు?"

"మెల్లగా మాట్లాడు. అద్దాల గది."

"మెల్లగనే అడుగుతున్న. నా లాగిన్‌ల కూసుంది ఎవలు?"

"ఆ రెండ్రోజులూ నీ హాజరు పడేలా చూడమని నాకు పాస్‌వర్డ్ ఇచ్చింది నువ్వే కదమ్మా."