ఆలస్యమైన సంతకం

ఐసీయూ బయట పేషెంటు అక్క డాక్టరుకు అడ్డంగా నిలబడింది.

"కాగితాలివ్వండి డాక్టరమ్మా, సంతకం పెట్టిస్తాను. ఆ కొత్త మందు మొదలుపెట్టండి."

"ఇప్పుడు కుదరదమ్మా. పొద్దుటి నుంచి కిడ్నీలు పనిచేయట్లేదు. అలాంటివాళ్ళని ఆ మందు ట్రయల్‌లోకి తీసుకోకూడదు."

"మొన్న మీరే బతిమాలారు కదా!"

"మొన్న కిడ్నీలు బాగున్నాయి."

"మా తమ్ముడేమన్నా ఎలుకా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ కోపమా?"

"అయ్యో, అదేం లేదు. పైవాళ్ళని రెండుసార్లు అడిగాను. ఒప్పుకోలేదు."

"పోనీ, పాత మందులు?"

"ఉన్న పన్నెండూ పరీక్షించాం. అతని రక్తంలో చేరిన క్రిమి దేనికీ లొంగట్లేదు."

"వాడు మొన్నే సంతకం పెడతానన్నాడండీ. నేనే చేతిలోంచి పెన్ను లాక్కున్నాను."

"లోపలికెళ్ళి దగ్గర కూర్చోండమ్మా. ఇంకా తెలివిలోనే ఉన్నాడు."

"కొత్త మందు ఎప్పుడిస్తారని అడుగుతున్నాడు. ఏం చెప్పను?"

డాక్టరు ఆమె కోసం తలుపు తెరిచి పట్టుకుంది.