మోచెయ్యి కోసం ప్రార్థన

అలబామాలో ఓ చిన్న ఊరు, జూలై మధ్యాహ్నం. బేస్‌బాల్ జట్టు తరఫున ఊళ్లు పట్టుకు తిరిగి మంచి కుర్రాళ్లను వెతికే గ్రేడీ టాలివర్, అమోస్ అనే కుర్రాడి తల్లి వెర్డెల్ ఇంటి వరండాలో కూర్చుని చాలాసేపైంది. చెప్పాల్సిన మాట మాత్రం ఇంకా చెప్పలేదు.

"పీచ్ పళ్లతో చేసిన కాబ్లర్, ఇంకొంచెం వేయనా టాలివర్ గారూ? పళ్లు మా అత్త పెరట్లోవి."

"చాలమ్మా. కడుపు నిండిపోయింది."

"తిన్నదెక్కడ? ఫోర్కుతో కెలుకుతూ కూర్చున్నారు. సరే, నన్ను చెప్పనివ్వండి. ఆదివారం ఆరాధనయ్యాక చర్చి వెనక విందు. ఆడవాళ్లందరం మీ జట్టు టోపీలు కొన్నాం. పాస్టర్ గారి భార్యకి ఆ ఆకుపచ్చ రంగు బొత్తిగా నప్పదు. అయినా పెట్టుకుంటానంటోంది."

"వెర్డెల్ గారూ, ఆ విందు..."

"మీరు రాకపోతే ఊరుకోను. మా అమోస్ పక్కనే కూర్చోవాలి. జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే ఆ డ్రాఫ్టులో ఈ ఊళ్లోంచి పేరొచ్చిన పిల్లాడు వాడొక్కడే. టీవీలో వాడి పేరు చదివినప్పుడు మా వీధి వీధంతా..."

"ఆ విందు కొంచెం వెనక్కి జరిపితే బావుంటుందేమో."

"ఎందుకు?"

"ఊరికే. ఎండలు కదా."

"జూలైలో ఎండ కాయక మంచు కురుస్తుందా ఇక్కడ? మీరు పుట్టింది పక్క జిల్లాలోనే కదండీ. ఏంటి సంగతి?"

"అబ్బాయి ఏడీ?"

"లోపల పడుకున్నాడు. మీ డాక్టర్ల దగ్గరికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచీ అదే పడక. విమానం ఎక్కడం కొత్త కదా, అలసిపోయుంటాడు. మీరు మాట మార్చకండి."

"మార్చట్లేదమ్మా. ఆ డాక్టర్ల సంగతే. మొత్తం చూశారు వాణ్ణి. సంతకానికి ముందు ప్రతి కుర్రాణ్ణీ చూస్తారు."

"చూస్తే చూశారు. ఏమన్నార్రా అంటే బానే ఉందన్నారమ్మా అన్నాడు."

"అలా అన్నాడా?"

"అన్నాడు. ఏం, బాలేదా?"

"భుజం బావుంది. మోకాళ్లు బావున్నాయి. గుండె అయితే గుర్రం గుండె అన్నారు."

"మరి?"

"మోచెయ్యి. బంతి విసిరే చేతిది."

"మోచెయ్యా? భలేవారే మీరు. నా ప్రాణం పోయిందనుకోండి. ఆ మోచెయ్యి కథ మనం అల్లిందే కదా. మీవాళ్లకి చెప్పలేదా మీరు?"

"చెప్పాను."

"చెబితే ఇంకేం?"

"స్కానింగులో కథలుండవు వెర్డెల్ గారూ. లోపల నరం తెగింది."

"ఎవరిది?"

"అమోస్‌దే."

"ఆగండాగండి. ఫిబ్రవరిలో మీరిదే కుర్చీలో కూర్చున్నారు. మిగతా జట్లవాళ్లు ఈగల్లా ముసురుతున్నారు, మా వంతు వచ్చేసరికి మీవాణ్ణి ఎవడో ఎగరేసుకుపోతాడు అన్నారు. మోచెయ్యి నొప్పెడుతోందని ఓ మాట వదలండి, ఒక్కొక్కడే జారుకుంటాడు, అప్పుడు మేం తీసుకుంటాం అన్నారు. అన్నారా లేదా?"

"అన్నాను."

"అన్నట్టే జారుకున్నారు. మీరే తీసుకున్నారు. ఇప్పుడు మోచెయ్యి బాలేదంటారు. మా అబద్ధాన్ని మాకే తిప్పి అమ్ముతున్నారా? రేటు తగ్గించాలంటే నేరుగా చెప్పండి. కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని, బేరం నాకు కొత్తేం కాదు."

"బేరం కాదమ్మా."

"బేరం కాకపోతే ఏంటి?"

"తీసుకోవట్లేదు."

"అంటే?"

"సంతకం చేయించుకోరు. వద్దనుకున్నారు. మా పెద్దలు ఫోన్‌లో చెబుతామన్నారు. నేనే వెళ్లి చెబుతానని వచ్చాను."

"టీవీలో పేరు చదివారు కదండీ."

"చదివారు."

"అందరూ చూశారు కదండీ."

"చూశారు. అయినా వదిలేసుకోవచ్చమ్మా. డాక్టరు బాలేదంటే వదిలేస్తారు."

"సరే. సరే. పోతే పోయింది. కాలేజీ వాళ్లు ఉన్నారు. చదువూ తిండీ అన్నీ మావే అన్నారు. మీ మాట విని వద్దన్నాం గానీ, వాళ్లనే మళ్లీ అడుగుతాం. కాళ్లు పట్టుకుంటాను."

"అడిగాను."

"ఎప్పుడు?"

"పొద్దున్న, ఇటు వచ్చే ముందు. ఆ సీటు ఇంకొకడికి ఇచ్చేశారట. ఈలోగా మనం వదిలిన మాట కూడా వాళ్ల చెవిన పడింది."

"మనం అనకండి. మీరు."

"నేనే. వదలమన్నది నేను. మా పనిలో ఇది అందరూ చేసేదే. ఇష్టమైన కుర్రాణ్ణి ఇంకొకడి కంట పడకుండా దాచుకోవడం. దాన్ని గొప్పగా చెప్పుకుంటాం మేం, బార్లో కూర్చుని. ఇప్పుడు చెప్పుకోమనండి."

"వదలమన్నది మీరే. వదిలింది నేను."

"నా మాట మీద వదిలారు."

"మీరు నలుగురి చెవిన వేయమన్నారు. చర్చిలో చెప్పమన్నారా? అది నా తెలివి. ఈ ఊళ్లో పేపర్లో వేస్తే ఎవరూ చదవరు. బుధవారం ప్రార్థన కూటంలో లేచి చెబితే తెల్లారేసరికి జిల్లా దాటుతుంది. లేచి నిలబడి, నా కొడుకు మోచెయ్యి కోసం ప్రార్థించండి అన్నాను. మీకు ఫోన్ చేసి చెబితే మీరేమన్నారు?"

"వెర్డెల్ గారూ, మీ ముందు నేనెంత అన్నాను."

"నవ్వారు కూడా."

"నవ్వాను."

"నేనూ నవ్వాను. పాస్టర్ గారు వాడి మోచేతికి నూనె రాశారు. సిస్టర్ హ్యాటీ లేదూ, పండు ముసలిది, మోకాళ్ల మీద నిలబడే ఓపిక లేదు, అయినా నిలబడింది. వాడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ప్రభువా ఈ బిడ్డ నొప్పి నాకిచ్చేయ్ అని ఏడ్చింది. నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. భక్తి అనుకుంటున్నారా? ఎక్కడ నవ్వొస్తుందోనని."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా."

"చెప్పనివ్వండి. వాడూ ఏడ్చాడు. మామూలుగా కాదు, వెక్కి వెక్కి. కారెక్కాక అన్నాను, ఒరేయ్ నువ్వు బంతాట మానేసి సినిమాల్లో చేరరా అని."

"వాడేమన్నాడు?"

"ఏమంటాడు? కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు."

"ఏమీ అనలేదా?"

"అనలేదన్నాగా. ఇంకా వినండి, నా గొప్పలు అయిపోలేదు. డ్రాఫ్టు అయ్యాక చర్చిలో అందరూ అడుగుతారు కదా, మరి మోచెయ్యి ఎలా ఉందని. మళ్లీ లేచాను. దేవుడు నా బిడ్డని స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పాను. జనం పాడుతూ లేచి నిలబడ్డారు. తన చేతుల మీదుగా ఒక బిడ్డ బాగయ్యాడని సిస్టర్ హ్యాటీ కనిపించినవాళ్లందరికీ చెప్పుకుంటోంది. ఇప్పుడావిడ మొహం ఎలా చూడను? నొప్పన్నదీ అబద్ధం, తగ్గిందన్నదీ అబద్ధం, ఇప్పుడు తెగిందన్నది మాత్రం నిజం అని చెప్పనా? నాన్నా పులి కథ నా చిన్నప్పుడు నాకూ చెప్పారు టాలివర్ గారూ. వినలేదు నేను."

"మీకంటే పెద్ద సిగ్గు నాది."

"పోటీ పెట్టకండి. దేవుడు నా నోటి మాట పట్టుకున్నాడు, అంతే. నొప్పి కావాలన్నావు కదా, ఇదుగో అన్నాడు. నా పాపం పిల్లాడి చేతికి తగిలింది."

"దేవుణ్ణి వదిలేయండి. అది పాతదట."

"ఏది పాతది?"

"ఆ నరం. మొన్న తెగింది కాదన్నాడు డాక్టరు. ఒక్కో పోగే చీలుతూ వచ్చింది, చాలా నెలల పని ఇది అన్నాడు."

"తప్పు. అన్ని నెలలైతే తల్లిని, నాకు తెలీదా?"

"నాకు తెలీదా? కుర్రాడు కారు దిగి నడిచొస్తుంటేనే వాడి సంగతి చెప్పేస్తాడు గ్రేడీ అని పేరు నాకు. విసిరేవాడి మోచెయ్యి చూసి కదా నేను తింటున్నది."

"మరి ఏమీ కనబడలేదా మీకు?"

"కనబడలేదు."

"ఒక్కసారి కూడా?"

"కనబడింది."

"ఏంటీ?"

"కనబడిందమ్మా. కనబడ్డాక కూడా... ఏప్రిల్లో మ్యాచులు మాన్పించాం కదా, నొప్పి అన్న వంకతో. మా పెద్దలకి మాత్రం వాడు బావున్నాడని చూపించాలి. సాయంత్రాలు నా బండిలో ఎక్కించుకుని పాత పత్తి మిల్లు వెనక షెడ్డుకి తీసుకెళ్లేవాణ్ణి. మీకు చెప్పాను."

"చెప్పారు. నేనే పంపాను, శాండ్‌విచ్ కట్టి."

"ఓ రోజు నాలుగు బంతులు విసిరి మోచెయ్యి పట్టుకున్నాడు. సార్, నొప్పిగా ఉంది అన్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను."

"ఏమన్నారండీ?"

"ఇక్కడ మనిద్దరమేరా, ఇక్కడ ఎవరి కోసం అన్నాను. బాగా చేస్తున్నావు గానీ ఇప్పుడు ఆ నటన అవతల పెట్టి విసురు అన్నాను."

"విసిరాడా?"

"విసిరాడు. అంత వేగం వాడి చేతిలో ముందెప్పుడూ చూడలేదు నేను. వేగం కొలిచే మెషీన్ తప్పు చూపిస్తోందేమోనని ఇంకోటి విసరమన్నాను. ఇంకోటీ విసిరాడు. ఆ వీడియోనే పంపాను. అది చూసే వాణ్ణి ఎంచుకున్నారు."

"నాకూ అన్నాడు."

"ఏమని?"

"మాట అనలేదు. ఎడమ చేత్తో తినేవాడు. మొక్కజొన్న కంకి కూడా ఎడమ చేత్తోనే. వాకిట్లో చూసేవాళ్లెవరూ లేరు, ఇంట్లో కూడా ఎందుకురా ఈ వేషాలు, కుడి చేత్తో తిను అన్నాను. మార్చాడు. నా ఎదురుగా కూర్చుని కుడి చేత్తో తిన్నాడు."

"వెర్డెల్ గారూ..."

"నేను గిన్నెలు కడుగుతూ పాట పాడుకుంటున్నాను ఆ రోజు."

"ఇక చాలమ్మా."

"మీరొకటి చెప్పండి. పిల్లల గురించి మూడు ముక్కల్లో రాస్తారట కదా, ఐదేళ్లకి ఎలా ఉంటాడు, ఎంతవరకు వెళ్తాడు అని. మావాడికి ఇప్పుడు ఏం రాస్తారు?"

"ఆపరేషన్ చేయిస్తే ఏడాది పైన పడుతుంది. కొందరు మళ్లీ విసిరారు. కొందరు..."

"అలా కాదు. మీరు రాసేటట్టు చెప్పండి."

"రాయలేను."

"ఇన్నేళ్లు రాశారు కదా."

"ఇన్నేళ్లూ ఏం రాశానో ఇవాళ నాకే తెలీదమ్మా. మీవాడు నిజం చెబితే బాగా చేస్తున్నావురా అన్నవాణ్ణి. నేనేం రాస్తాను?"

"అమోస్. ఒరేయ్ అమోస్, లేచి ఇలా రా."

"ఇక్కడే ఉన్నానమ్మా, తలుపు వెనక. నమస్తే టాలివర్ సార్."

"విన్నావా?"

"విన్నాను."

"ఎంత విన్నావు?"

"విందు దగ్గర్నుంచి."

"కూర్చో. కాదు, ముందు చెయ్యి ఇలా తే. ఎక్కడ్రా?"

"అక్కడ కాదమ్మా, లోపలివైపు. మెల్లగా."

"ఎప్పట్నుంచి?"

"పోయిన ఏడాది పత్తి తీసే రోజుల నుంచి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? రాత్రి డ్యూటీకి వెళ్తూ రోజూ ఈ చెయ్యే పట్టుకుని ముద్దు పెట్టుకునేదానివి. ఈ చెయ్యి నిన్ను ఆ కోళ్ల ఫ్యాక్టరీలోంచి బయట పడేస్తుందనేదానివి."

"అన్నాను. అన్నాను నాయనా. నా నోరు పడిపోను."

"అమోస్, నన్ను క్షమించు బాబూ. నాకు అర్థం కానిది ఒకటే. షెడ్డులో నొప్పి అన్నావు, నేను నమ్మలేదు. అది నా పాపం. కానీ తర్వాతయినా నన్ను చొక్కా పట్టుకుని ఆపి, సార్ ఇది నిజం నొప్పి అని గట్టిగా చెప్పొచ్చు కదా."

"చెప్పాను కదా సార్. అందరికీ చెప్పాను. కోచ్‌కి చెప్పాను, చర్చిలో చెప్పాను. సిస్టర్ హ్యాటీ ఎక్కడ నొప్పి నాయనా అని అడిగితే చూపించాను కూడా. అంతవరకూ నన్ను ఆ మాట అడిగినవాళ్లే లేరు, అందుకే ఏడుపొచ్చింది."

"అంటే ఆ నటనంతా..."

"ఏ నొప్పీ లేనట్టు నటించింది అంతకు ముందు సార్. మీరొచ్చి నొప్పెడుతోందని చెప్పమన్న రోజు నుంచి మానేశాను."