తాత నోట్లో మేకులు

ముందు ఆ నోట్లో మేకులు ఉమ్మెయ్యరా. ఉమ్మెయ్యి అంటున్నానా! అరచేతిలో కాదు, ఆ డబ్బాలో వేసి మూత బిగించు. సిగ్గులేకపోతే సరి, ఏడాది నిండిన కూతురు గుమ్మంలో కూర్చుని నీ మొహమే చూస్తోంటే, నువ్వు బుగ్గలో మేకులు కుక్కుకుని కుర్చీ బాగుచేస్తున్నావా? చూడట్లేదా? చూడకపోవడమేమిటి, అటు తిరిగి ఆ బుగ్గ చూడు. ఏమీ లేకపోయినా ఎలా ఉబ్బించి కూర్చుందో. నీ బుగ్గే అది. నవ్వకు. పసిపిల్ల అల్లరి చేస్తే నాకు భయం లేదురా, ఏడ్చినా లేదు. నోరు మూసుకుని కదలకుండా కూర్చుంటే మాత్రం ఇప్పటికీ ఆ నోట్లో ఏముందో చూస్తేగానీ ఊరుకోను. ఎందుకంటావా? కూర్చో. సుత్తి కింద పెట్టి కూర్చో.

మా అన్నని నువ్వు చూడలేదు. నువ్వు పుట్టకముందే పోయాడు. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ తెలీదు, మేకులాయన అనేవాళ్ళు. సోఫాలకీ కుర్చీలకీ గుడ్డ దిగగొట్టే పని మా ఇద్దరిదీ. నేను మిషను మీద గుడ్డ కుట్టేవాణ్ణి, ఆయన లాగి కొట్టేవాడు. ఎడమ చేత్తో గుడ్డ బిగించి పట్టుకోవాలి, కుడి చేతిలో సుత్తి. మరి మేకు అందించేదెవరు? నోరే. గుప్పెడు చిన్న మేకులు బుగ్గలో పోసుకునేవాడు. నాలుకతో ఒక్కోటి తిప్పి, పెదాల మధ్యకి తెచ్చి, ప్ప్ అని ఉమ్మితే అది వెళ్ళి అయస్కాంతం సుత్తికి అతుక్కునేది. టక్. మళ్ళీ ప్ప్. టక్. పనిలో అంత చేయి తిరిగినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. అది నిజం, ఒప్పుకోవాలి. గర్వం కూడా అంతే ఉండేది, అదీ నిజం.

ఇంటి ముందు గదే మా కొట్టు. ఆయన మనవరాలు, కొడుకు కూతురు, ఏడాదిన్నరది, పొద్దస్తమానం అక్కడే. అబ్బో, ఆ పిల్ల చూపు! ఆయన చెవి మీద పెన్సిల్ పెట్టుకుంటే అది చెవి మీద చెంచా పెట్టుకునేది. ఆయన నడుం పట్టుకుని అమ్మా అని లేస్తే అదీ నడుం పట్టుకునేది, దానికి నడుమెక్కడుందిరా! వచ్చినవాళ్ళంతా పడీ పడీ నవ్వేవాళ్ళు. దాంతో ఈయనకి ఇంకా ఊపొచ్చింది. "ఏదమ్మా, తాత మేకు ఎలా తీస్తాడు?" అనేవాడు. అది బుగ్గ ఉబ్బించి ప్ప్ అనేది. మళ్ళీ అడిగేవాడు, మళ్ళీ అనేది. కోడలు ఒకటికి పదిసార్లు చెప్పింది. "మామయ్యా, దాని ముందు నోట్లో మేకులొద్దు, నాకు భయంగా ఉంది" అని. ఈయనేమో, "నలభై ఏళ్ళుగా పెట్టుకుంటున్నానమ్మా, ఒక్కటి మింగానా? దానికి వద్దని చెబుతాలే" అన్నాడు. చెప్పాడు కూడా, వేలు చూపించి, వద్దమ్మా, ఛీ అని. చెప్పేటప్పుడు నోట్లో ఆరు మేకులున్నాయి. నేనేం చేశానంటావా? నవ్వాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది, దాచను.

ఒకరోజు మధ్యాహ్నం కోడలు నీళ్ళకి వెళ్ళింది. నేను దారం తెగితే ఎక్కిస్తున్నాను. టక్ టక్ చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే అన్న సుత్తి పైకెత్తి అలాగే ఉండిపోయాడు. బల్ల కింద పిల్ల. పక్కన మేకుల డబ్బా బోర్లా పడి ఉంది. పిల్ల నోరు మూసుకుని ఉంది, కుడి బుగ్గ ఇంత లావున ఉబ్బి ఉంది. ఊరికే ఉబ్బించింది కాదు. పెదవి చివర మేకు మొన కనబడుతోంది.

నేను అరవబోయాను. అన్న చెయ్యి చూపించాడు, ఆగమని. అరిస్తే ఉలిక్కిపడుతుంది, ఉలిక్కిపడితే ఊపిరి లోపలికి లాగుతుంది. వేలు పెట్టి తీద్దామంటే ఏడుస్తుంది, ఏడ్చినా అంతే. ఆయన మెల్లిగా నేల మీద కూర్చున్నాడు. దాని కళ్ళలోకి చూస్తూ నవ్వాడు. ఆ మొహంలో రక్తం లేదురా, కానీ నవ్వాడు. నేల మీది మేకులు కొన్ని తీసి తన నోట్లో పోసుకున్నాడు. నాలుకతో ఒకటి ముందుకి తెచ్చి ప్ప్ అన్నాడు. మేకు నేల మీద పడింది. పిల్ల చూసింది. చూస్తోంది. ప్ప్. దాని నోట్లోంచి ఒకటి పడింది, చొంగతో సహా.

ఆయన మళ్ళీ. అది మళ్ళీ. ఎన్ని పెట్టుకుందో మాకేం తెలుసు? నాలుగు, ఐదు, ఆరు. ఆరో దాని తరవాత అది ఆపేసి ఆడుకోబోయింది. ఆయన నోరు బార్లా తెరిచి ఆ అన్నాడు. అదీ ఆ అంది. ఏమీ కనబడలేదు. నాలుక పైకెత్తాడు. అదీ ఎత్తింది. నాలుక కింద ఇంకోటి. అది కూడా రాలింది. నేను వెళ్ళి పిల్లని ఎత్తుకున్నాను. సరిగ్గా అప్పుడే కోడలు గుమ్మంలోకి వచ్చింది. మేకులు, చొంగ, పిల్ల... కెవ్వుమంది. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఏ తల్లైనా అరుస్తుంది. అన్న ఉలిక్కిపడ్డాడు. ఆయన బుగ్గలో ఒక మేకు మిగిలే ఉంది, పిల్లకి ఇంకోసారి చూపించాల్సి వస్తుందేమోనని దాచుకున్నది. నలభై ఏళ్ళలో మొదటిసారి మేకు లోపలికి పోయింది.

పెద్దాసుపత్రిలో గొంతు కోసి తీశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మాట్లాడబోతే గుసగుసలాంటి గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. అంతటితో అయిపోయిందనుకున్నాం. ఆ పిల్లకి అప్పుడే మాటలొస్తున్నాయి. అమ్మా అన్నా గుసగుసే, నీళ్ళు అన్నా గుసగుసే. కోడలు హడలిపోయి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, మేమూ వెళ్ళాం. డాక్టరు పరీక్ష చేసి, "పిల్ల గొంతు శుభ్రంగా ఉందమ్మా. ఇంట్లో ఇలా మాట్లాడేవాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. అన్న బయట బల్ల మీద కూర్చుని విన్నాడు.

ఆ రోజు నుంచి దాని ముందు ఆయన పెదవి విప్పలేదు. ఆర్నెల్లకి దాని గొంతు తేరుకుంది, ఇల్లెగరగొట్టేలా మాట్లాడేది. ఈయన మాత్రం సైగలే. మూడేళ్ళు. పోయే ముందు మంచంలో ఉన్నప్పుడు అది వచ్చి ఎదురుగా కూర్చుంది. తాతకి మాటలు రావనుకుంది పాపం. తన పెదాలు వేలితో చూపించి, "నన్ను చూసి అను. తా... తా" అంది. మళ్ళీ అంది. ఆయన దాన్నే చూస్తూ నోరు తెరిచాడు. మూశాడు. గాలి కూడా బయటికి రానివ్వలేదు.