టీ ఖరీదుకి అపరిమితం

"ఫోన్ పక్కన పెట్టకమ్మా, చేతిలోనే ఉంచుకో, నేను చెప్పేది విన్నాక నువ్వే నొక్కుతావు" అని మొదలుపెట్టాడు బోర్డుల బాబాయ్, టీ కొట్టు బెంచీలో సగం తానే ఆక్రమించి. ముప్పై ఏళ్లుగా దుకాణాలకి బోర్డులు రాసే మనిషి. రంగు డబ్బా మూత తెరవడానికి పావుగంట తీసుకుంటాడు గానీ నోరు తెరవడానికి ఆయనకి క్షణం చాలు.

ఎదురుగా కూర్చున్నది టైలరక్క. ఆవిడ కుట్టు దుకాణం ఉన్న భవనాన్ని కూల్చేస్తున్నారు, నెలాఖరుకి ఖాళీ చేయాలి. కొత్తగా దొరికిన గదిలో మిషను పెడితే మనిషి ఒత్తిగిలి నడవాలి. పదిహేనేళ్లుగా బట్టలు కుట్టించుకున్న వాళ్లందరి కొలతలూ రాసిన పుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయి, వాటికి అక్కడ చోటు లేదు. అందుకని కొలతలన్నీ ఒక వెబ్‌సైట్‌లోకి ఎక్కించి, పుస్తకాలు పాత కాగితాలవాడికి ఇచ్చేద్దామనుకుంది. సైట్‌కి చోటు అద్దెకిచ్చే కంపెనీలుంటాయి, దాన్నే హోస్టింగ్ అంటారు. ఆ పొద్దున ఆవిడ ఫోన్‌లో ఒక ఆఫర్ కనిపించింది. నాలుగేళ్లకి ఒకేసారి కడితే నెలకి పడేది ఒక టీ ఖరీదు, చోటు అపరిమితం, పైగా సైట్‌కి పేరు, అంటే జనం కొట్టే అడ్రసు, ఉచితం. మధ్యాహ్నం పన్నెండింటికి ముగుస్తుంది. అప్పటికి పదకొండున్నరయింది. నమ్మొచ్చా అని ఆవిడ అడిగింది పక్కనే జిరాక్స్ కొట్టు నడిపే నన్ను. అందుకున్నది బాబాయ్.

"నమ్మొచ్చా ఏంటమ్మా, ఏడాది నాలుగు నెలల కిందట సరిగ్గా ఇలాంటి ఆఫరే నేను తీసుకున్నాను. ఊరికే తీసుకున్నాననుకుంటున్నావా? పరీక్ష పెట్టి తీసుకున్నాను. రేకు కొనేముందు వెనక నుంచి వేలితో కొట్టి చూస్తాను, మోగిన తీరుని బట్టి అది ఎన్ని వానలకి ఆగుతుందో చెప్పేస్తాను, హోస్టింగయినా అంతే కదా అని ఆ కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది. అమ్మా, అపరిమితం అంటే ఎంత అన్నాను. అపరిమితమే సార్ అంది. అంటే గోడంతా అన్నాను. అపరిమితమే సార్ అంది. వీధంతా అన్నాను. అపరిమితమే సార్. పదహారుసార్లు తిప్పి తిప్పి అడిగినా ఆ పిల్ల గొంతు ఇసుమంతైనా వణకలేదు. అబద్ధం చెప్పే గొంతు అలా ఉండదమ్మా. అక్కడికక్కడే నాలుగేళ్లకీ కట్టేశాను."

అది రికార్డు చేసిన గొంతేమో అన్నాను నేను.

"పొద్దస్తమానం కాపీలు తీసేవాడికి అన్నీ కాపీల్లాగే కనిపిస్తాయి, నువ్వుండవయ్యా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా అల్లుడు కూర్చుని సైట్ కట్టాడు. మొదట నా బోర్డుల ఫొటోలు ఒక ఇరవై పెట్టాం. పట్టేశాయి. రెండొందలు పెట్టాం. పట్టేశాయి. నాకు పట్టుదల వచ్చింది. ముప్పై ఏళ్లలో నేను రాసిన ప్రతి బోర్డూ పెట్టాను, అవి అయిపోతే నేను రాయనివి పెట్టాను, అవీ అయిపోతే బోర్డులున్న గోడలు, గోడల వెనక ఇళ్లు, ఇళ్లలో జనం, ఆ జనం పెళ్లి వీడియోలు, ఒక్కోటి ఏడేసి గంటలు. చోటు నిండితే ఒట్టు. వారం తిరిగేసరికి కంపెనీ ఓనరే లైన్లోకి వచ్చాడు. ఏడుపొకటే తక్కువ. సార్, ఇంకా ఎంతుంది సార్ అన్నాడు. ఇంకా మా వీధే పూర్తవలేదు బాబూ అన్నాను. అపరిమితం అన్న మాట నిలబెట్టుకోవడానికి పక్కనున్న కొండ తొలిపించి అందులో కంప్యూటర్లు పెట్టించాడమ్మా, కేవలం నా కోసం."

"ఏ కొండ?" అన్నాడు టీ కొట్టాయన.

"ఇప్పుడు లేదులే, మొత్తం తొలిచేశారు."

టీ కొట్టాయన గిన్నెలోకి చూస్తూ నవ్వాపుకున్నాడు. టైలరక్క మాత్రం నవ్వలేదు. ఆవిడకి కావలసింది ఒక్కటే, కొలతలు పోవు కదా అని. ఒకసారి పుస్తకాలు అమ్మేశాక సైట్ పోతే పదిహేనేళ్ల పని పోయినట్టే, మళ్లీ ఒక్కొక్కరినీ పిలిచి టేపు పట్టాలి, సగంమంది అసలు రారు. అదే మాట బాబాయ్‌ని అడిగింది.

"పోవడమా? నా సైట్‌ని కదిలించడం ఎవరి తరం? జనం సంగతి చెబుతా విను. మొదటిరోజు పదిమంది చూశారు. రెండోరోజు పదివేలు. నెల తిరిగేసరికి రోజుకి కోటి, నేను తక్కువ చేసి చెబుతున్నాను, కోటికి పైనే. ఎంతమంది వచ్చిపడ్డా ఇంత కూడా నెమ్మదించలేదు. నా ఫోన్ ఎంత వేడెక్కేదంటే మా అల్లుడి అమ్మమ్మ దాని మీద చొక్కాలు ఇస్త్రీ చేసేది. జనమంతా నా సైట్‌లోనే ఉంటే మిగతా సైట్లకి ఎవరు పోతారు? అవన్నీ ఈగలు తోలుకోవడం మొదలుపెట్టాయి. బ్యాంకుల వాళ్లు, రైలు టిక్కెట్ల వాళ్లు, పరీక్షా ఫలితాల వాళ్లు అందరూ కలిసి కాళ్లబేరానికి వచ్చారు. అయ్యా, మీ సైట్ రోజుకి ఒక్క గంట మూసేస్తే మా పని మేం చేసుకుంటాం అన్నారు. పాపం అనిపించింది. ఒంటిగంట నుంచి రెండింటిదాకా నేను అన్నం తినేటప్పుడు మూసేవాణ్ని. ఆ గంటలోనే ప్రపంచం మొత్తం లావాదేవీలు చేసుకునేది."

"మరి నేను రెండున్నరకి డబ్బు పంపితే వెళ్లిందే" అన్నాడు టీ కొట్టాయన.

"ఆ రోజు ఆలస్యంగా తిన్నానయ్యా. ఇంతకీ ఏం చెబుతున్నాను? ఆఁ, ఓనరు. నా దెబ్బకి వాడికి పేరొచ్చింది. ఇప్పుడు ఏ హోస్టింగ్ కంపెనీ ధర తగ్గించాలన్నా ముందు నాకు ఫోన్ చేస్తారు. సార్, నెలకి ఒక టీ అంటే జనం నమ్ముతారా అంటారు. నమ్ముతారు అంటాను. అర టీ అంటే? అది నమ్మరు, పక్కన బిస్కెట్ కలుపు అంటాను. నీ ఫోన్‌లో ఉన్న ఈ ఆఫర్ ఉంది చూడు, దీని ధర కూడా నేను ఒప్పుకున్నదే. నొక్కమ్మా."

పది నిమిషాలే మిగిలాయి. టైలరక్క ఫోన్‌లో గడియారం వెనక్కి లెక్కపెడుతోంది. ఆవిడ నిజంగానే నొక్కేలా ఉంది, నాకు భయమేసింది. సరదాగా వినడానికి బాగానే ఉంది గానీ ఆ బీరువా నాకు తెలుసు, అందులో మా అమ్మ కొలతలు కూడా ఉన్నాయి.

కట్టేశాక వాళ్లు మనల్ని పట్టించుకుంటారా బాబాయ్ అని అడిగిందావిడ.

"పట్టించుకోవడమా? వదిలితే కదా. ఏడాది పూర్తవుతుంటే చూడాలి వాళ్ల అవస్థ. ఉత్తరం మీద ఉత్తరం. సార్, మాతోనే కొనసాగండి. సార్, ఇంకా ముప్పై రోజులే. సార్, వారమే. సార్, ఇదే ఆఖరి అవకాశం. పన్నెండు మెయిళ్లు పంపించారమ్మా, బతిమాలుకుంటూ. బెట్టు చేయకపోతే మనకి విలువేముంటుంది? నేను ఒక్కదానికీ జవాబివ్వలేదు. నాలుగు నెలలైంది, ఇక నోరెత్తలేదు. నా మౌనానికే లొంగిపోయారు."

టైలరక్క తల ఎత్తి చూసింది. చేతిలో ఫోన్‌ని మాత్రం కిందికి దించింది.

బాబాయ్ ఆ చూపుని మెచ్చుకోలు అనుకున్నాడు. ఇక ఆగలేదు. "అసలు సంగతి ఇంకా చెప్పనేలేదు. నా సైట్‌కి నెట్ కూడా అక్కర్లేదు. ఔను, మీరు విన్నది నిజమే. మొన్న మా వీధిలో కరెంటు పోయింది, టవరు పడుకుంది, ఊరందరి ఫోన్లూ మూగబోయాయి, నా సైట్ మాత్రం టక్కున తెరుచుకుంది. లిఫ్టులో ఇరుక్కుంటే తెరుచుకుంది. నేలమాళిగలో బోర్డు రాస్తుంటే అక్కడా తెరుచుకుంది. నమ్మరు కదూ? చూడండి."

జేబులోంచి ఫోన్ తీశాడు. పిన్నీసుతో పొడిచి సిమ్ము బయటికి లాగి, మా అందరికీ చూపించి బెంచీ మీద పెట్టాడు. తర్వాత అద్దం మీద ఒక చిన్న బొమ్మని నొక్కాడు. నిజంగానే తెరుచుకుంది. రంగురంగుల బోర్డులు, మధ్యలో మీసం తిప్పుతూ బాబాయ్ ఫొటో. టీ కొట్టాయన గరిటె పట్టుకునే నోరెళ్లబెట్టాడు. బాబాయ్ లేచి నిలబడి ఫోన్‌ని నాలుగు దిక్కులకీ తిప్పి చూపించాడు. ఆ క్షణం ఆయన మొహంలో ఉన్న వెలుగు చూస్తే అడ్డుపడాలంటే నాకే మనసొప్పలేదు.

"మీ అల్లుడు ఈ బొమ్మ ఎప్పుడు పెట్టాడు బాబాయ్?" అంది టైలరక్క.

"సైట్ కట్టిన రోజే. మాటిమాటికీ అడ్రసు కొట్టుకోలేరు మామయ్యా, పేజీ ఫోన్‌లోనే దాచిపెట్టాను, నొక్కితే చాలు అన్నాడు. నొక్కుతున్నాను, వస్తోంది."

ఆవిడ ఆఫర్ పేజీ పక్కకి జరిపి, బాబాయ్ ఫోన్‌లో పైన రాసి ఉన్న అడ్రసు చూసి ఒక్కొక్క అక్షరమే తన ఫోన్‌లో కొట్టింది. వచ్చినదాన్ని ముందు తను చదువుకుని, తర్వాత నెమ్మదిగా పైకి చదివింది. ఈ పేరు గడువు నాలుగు నెలల కిందట ముగిసింది, ఎవరూ తీసుకోలేదు, కావాలంటే మీరు కొనుక్కోవచ్చు.

నేను నా ఫోన్‌లో కూడా కొట్టి చూశాను. అదే వచ్చింది.

తర్వాత టైలరక్క తన ఆఫర్ మళ్లీ తెరిచి, పెద్ద అక్షరాలన్నీ వదిలేసి, అట్టడుగున చీమలంత అక్షరాల్లో ఉన్నది వేళ్లతో పెద్దది చేసి చదివింది. పేరు మొదటి ఏడాదే ఉచితం. ఆ తర్వాత ఏటేటా అప్పటి ధర కట్టాలి, కట్టకపోతే పేరు పోతుంది. అపరిమితం అంటే మామూలు వాడకానికి, ఎక్కువనిపిస్తే ఆపేసే హక్కు వాళ్లది. దాచినవి పోతే వాళ్లకి సంబంధం లేదు, కాపీ మనమే ఉంచుకోవాలి. చదవడం అయ్యాక ఆవిడ ఆ పేజీ మూసేసింది. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

"వాళ్లు నిన్ను బతిమాలలేదు బాబాయ్" అంది. "డబ్బు కట్టమని పన్నెండుసార్లు గుర్తుచేశారు. నెట్ లేకుండా తెరుచుకునేది నీ ఫోన్‌లో దాచిన పాత పేజీ. పేరు పోయింది, బయట నీ సైట్ లేదు. నీ మాట నమ్మి నేను పుస్తకాలు అమ్మేసేదాన్ని."

బాబాయ్ సిమ్ము చేతిలోకి తీసుకుని దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఏదో ఒకటి అల్లేస్తాడని మేమంతా ఎదురుచూశాం. ఆయన గొంతు సవరించుకున్నాడు కూడా.

టైలరక్క ఆ సందు ఇవ్వలేదు. కోపంగా కూడా అడగలేదు. "రోజుకి కోటిమంది చూసే సైట్ నాలుగు నెలలుగా కనబడకపోతే, ఆ కోటిమందిలో ఒక్కరైనా ఫోన్ చేసి ఏమైందని అడగలేదా బాబాయ్?"

బాబాయ్ బెంచీ మీద కూర్చున్నాడు. ఈసారి ఒక్కరికి సరిపడా చోటులోనే కూర్చున్నాడు.

"కోటి కాదులేమ్మా" అన్నాడు. "పదకొండు. ఆ లెక్క సైట్ కిందే పడేది. అందులో తొమ్మిదిసార్లు నేనే చూశాను."

"మరి మిగతా రెండు?" అన్నాడు టీ కొట్టాయన.

"మా అల్లుడు. సరిగ్గా పెట్టాడో లేదోనని రెండుసార్లు చూసుకున్నాడు."