డబ్బాలో లైలాక్

ఇంగ్లండులో ఓ చిన్న ఊరు. మే నెలలో తోటచెత్త బండి వచ్చే రోజు. వంటింటి కిటికీ దగ్గర డెస్మండ్, అతని భార్య హిలరీ.

"అదిగో, మన డబ్బా ఒక్కటే వదిలేసి పోయారు! పక్కింటి వాళ్ళది తీశారు, ఎదురింటి వాళ్ళది తీశారు. మనమేం పాపం చేశాం హిలరీ?"

"టీ చల్లారిపోతోంది."

"టీ సంగతి తర్వాత. తోటచెత్తకి ఏడాది చందా కట్టావు కదా?"

"కట్టాను."

"మరి? కౌన్సిల్ వాళ్ళకి కళ్ళు మూసుకుపోయాయా? గడ్డి, కొమ్మలు తప్ప అందులో ఒక్క ప్లాస్టిక్ ముక్క లేదు. నేనే సర్దాను."

"తెలుసు. మూత పడనంతగా కుక్కావు."

"ఆ మాట అంటావనే అనుకున్నా."

"ఏ మాట?"

"అదే... ఆ చెట్టు మాట."

"నేను చెట్టు మాటెత్తానా? మూత మాటన్నాను."

"ఎత్తకుండానే పొడుస్తావుగా! ఆదివారం నుంచీ చూస్తున్నా, ముఖం ముడుచుకుని తిరుగుతున్నావు. లాన్ మీద నీడ పడుతోంది, గడ్డి చచ్చిపోతోంది అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను?"

"మొత్తుకున్నావు. నేనొద్దన్నాను. మా అక్క ఇంటికి వెళ్ళేదాకా ఆగి కొట్టేశావు."

"ఆగడమేంటి? రంపం అప్పుడే దొరికింది."

"రంపం షెడ్డులో మేకుకే వేలాడుతోంది డెస్మండ్, మనం ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ."

"సరే, కొట్టాను. అయితే ఏంటి? గోరంత దాన్ని కొండంత చేస్తావు. లైలాక్ పూలచెట్టే కదా, మళ్ళీ నాటుకోవచ్చు."

"అవును, మళ్ళీ పూసేసరికి నాకు కర్ర సాయం కావాలి. నా చేత్తో నాటిన చెట్టు. మొగ్గ మీదుంది. రెండు వారాలు ఆగలేకపోయావా? పొద్దున మూతెత్తితే ఒకటే వాసన. చచ్చినా పూస్తూనే ఉంది, నీ గడ్డి కింద."

"సారీ చెప్పమంటావా?"

"వద్దు."

"చెబుతాను, విను..."

"వద్దన్నానా."

"అయితే కౌన్సిల్‌కి ఫోన్ చేస్తా. ఆ కొమ్మలు కళ్ళముందు నుంచి పోతే నీ కోపం కూడా పోతుంది."

"ఫోన్ చెయ్యకు."

"ఎందుకు చెయ్యకూడదు? వాళ్ళని ఊరికే వదిలెయ్యాలా?"

"వాళ్ళ తప్పేం లేదు. చందా స్టిక్కర్ ఉన్న డబ్బాలే తీస్తారు. మన డబ్బా మీద ఉందేమో చూశావా?"

"ఉండకేం? మొన్ననే... ఏదీ? ఎవరు పీకారు? ఆ పక్కింటి గ్రేమ్ పనే అయ్యుంటుంది! పిసినారి పీనుగ!"

"గ్రేమ్‌ని ఎందుకు తిడతావు, పాపం. నిన్న నేనే పీకాను. ఇల్లు మారితే చందా కూడా కొత్త చిరునామాకి మార్పించుకోవచ్చట. మార్పించుకున్నాను."

"ఇల్లు మారడమేంటి? ఎవరు మారుతున్నారు?"

"నేను."

"నువ్వా? ఎక్కడికి?"

"స్టేషన్ వెనకాల. చిన్న ఇల్లు, అద్దెకి. పెరట్లో కాస్త మట్టి ఉంది."

"ఆదివారం చెట్టు కొడితే నాలుగు రోజుల్లో ఇల్లు కూడా చూసేశావా! ఇన్నేళ్ళ కాపురం... ఒక్క చెట్టు కోసం వదిలేసి పోతావా? ఎవరైనా వింటే నవ్విపోతారు హిలరీ!"

"చెట్టు కోసం పోవట్లేదు డెస్మండ్. ఆ ఇల్లు మార్చిలోనే తీసుకున్నాను. ఈసారి పూత చూసి పోదామని, చెట్టు కోసమే ఇన్నాళ్ళూ ఉన్నాను."