కాటా మీద సున్నా

కాటా బావ నోట్లో మాట నిలవడమూ జల్లెడలో నీళ్ళు నిలవడమూ ఒకటే. లారీలు తూచే కాటా దగ్గర ఆయన ఉద్యోగం. లారీ ఇనప పలక మీదికి ఎక్కితే గదిలో ఎర్రంకెలు వెలుగుతాయి, ఆయన బరువు పైకి చదివి చీటీ చింపి ఇస్తాడు. ఆ గదిలో ఉన్నంతసేపు లెక్కంటే లెక్కే. రోడ్డు దాటి ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నాడంటే మాత్రం ఆయన మాటకు తూకం ఉండదు. ఆ కొట్టు నడిపేది ఆయన భార్యకు స్వయానా తమ్ముడు. బావ కాబట్టి ఎదురు చెప్పలేడు, అక్క సంగతి కాబట్టి ఊరికే వినలేడు.

బరువు తగ్గడానికి అక్కకు కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయి నెల దాటింది. ఇంటికి పంపేటప్పుడు నర్సమ్మ బావకు ఒక్క పని అప్పజెప్పింది. రోజూ సాయంత్రం పక్కన ఉండి నడిపించాలి, కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి మనిషి ఉండాలి. సాయంత్రమయ్యేసరికి ఆ మనిషి ఈ బెంచీ మీద తేలుతున్నాడు.

ఆవేళ బావ టీ ముగించి తూకానికి లేస్తాడని చూస్తూ కంకర లారీ డ్రైవరూ ముసలి డ్రైవరొకాయనా టీ తాగుతున్నారు. "అన్నా, వదినకెలా ఉంది?" అని కంకర డ్రైవరు అడగడమే పాపమైపోయింది.

"అంతా నా చేతి మీదే నడుస్తోందిరా. కడుపేమో ఈ గ్లాసంత చేసి పంపారు, చెంచాడు సూప్ తాగించాలంటే గంట పడుతుంది, పక్కనే కూర్చుని ఒక్కో చుక్కా ఊది మరీ పట్టిస్తాను, ఇంకొకడైతే విసుక్కుని లేచిపోయేవాడు."

ఆ సూప్ కాచేదీ పట్టించేదీ తన భార్య అని బావమరిదికి తెలుసు. పాలు పొంగుతుంటే మంట తగ్గించి ఊరుకున్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆవిడ తినకుండా నేను తినడమేంటని, ఆపరేషన్ నాటి నుంచీ నేనూ ఆ చెంచాడు సూప్ మీదే ఉన్నాను" అంటూ బావ బిస్కెట్ టీలో ముంచాడు. ముసలి డ్రైవరు ఆ బిస్కెట్ వంకే చూశాడు.

"ఇది తిండి కాదు బాబాయ్, టీకి తోడు. చెప్పేది విను. నడిపించడం మొదలుపెట్టానా, మొదటిరోజు గుమ్మం దాకా, మర్నాడు వీధి చివరి దాకా, ఆ మర్నాడు ఏకంగా పెద్దరోడ్డు ఎక్కించాను. వెనకాల నీలాంటి డ్రైవరొకడు హారన్ కొట్టాడు. పక్కకి తప్పుకుంటుందేమో అనుకున్నాను, తప్పుకోవడమేంటి, లారీనే దాటేసింది. నేను పరిగెత్తలేక రోడ్డు పక్కన కూలబడితే, ఊరు చుట్టొచ్చి నన్ను రెక్క పట్టి లేపి ఇంటికి తెచ్చింది."

"వదినా?"

"మీ వదినే."

బావమరిది చేతిలో వడకట్టు ఆగిపోయింది. పొద్దున అక్కను చూడ్డానికి వెళ్తే ఆమె చెప్పులు గుమ్మం దగ్గర జతగా పెట్టి ఉన్నాయి. "సాయంత్రం మీ బావ వస్తారేమోనని తీసి పెట్టానురా" అంది. నిన్నా అదే మాట, మొన్నా అదే మాట. చెప్పుల మీద దుమ్ము పేరుకుంది.

బావ దుర్మార్గుడేం కాదు. ఆపరేషన్ గది నుంచి అక్కను తోసుకొచ్చిన రోజు, గొట్టాలూ పాలిపోయిన మొహమూ చూసి, ఇంత నోరున్న మనిషి గోడకి జారగిలబడి అలాగే కింద కూర్చుండిపోయాడు. ఒక్క మాట రాలేదు. ఆ రోజు నుంచీ ఆమె ఎదుట కూర్చోవడానికి భయపడుతున్నాడు. అది కళ్ళారా చూశాడు కాబట్టే బావమరిది ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాడు.

"ఇంక చూస్కో, మనిషి దూదైపోయింది. ఫ్యాను వేస్తే మంచం మీంచి లేచిపోతోంది, నడుముకు తాడు కట్టి మంచం కోడుకి ముడేశాను. ఓ రోజు గాలివానకి తాడు తెగి కిటికీలోంచి వెళ్ళి ఎదురింటి డాబా మీద వాలింది, నిచ్చెన వేసి దించుకొచ్చాను."

"అంతలా తగ్గిపోయిందా అన్నా?" అన్నాడు కంకర డ్రైవరు, నవ్వాలో భయపడాలో తెలియక.

"తగ్గడమా? నమ్మరని మన కాటా మీదే నిలబెట్టాను. ఎంత చూపించిందో తెలుసా? సున్నా. పలక మీద మనిషుంది, అంకెల్లో మనిషి లేదు."

ఎవరూ నవ్వలేదు. ముసలి డ్రైవరు గ్లాసు కింద పెట్టి, "బతికున్న మనిషిని పట్టుకుని అదేం మాటయ్యా" అన్నాడు.

బావ కూడా తన మాటకి తనే ఉలిక్కిపడినట్టున్నాడు. దాన్ని ఎటు తిప్పాలో తోచక కాటా వైపు చూశాడు. పలక ఖాళీగానే ఉండాలి, ఇందాకటి లారీ వెళ్ళిపోయింది. అయినా గది కిటికీలోంచి కనిపించే ఎర్రంకెలు కదిలాయి. ఒకసారి రెపరెపలాడి ఎనభై కిలోల దగ్గర నిలబడ్డాయి.

లారీ చప్పుడేదీ లేదు. అందరూ అటు తిరిగారు. అంత పెద్ద పలక మీద ఒక్క ఆడమనిషి నిలబడి ఉంది. పక్కనున్న ఇనప కమ్మీని రెండు చేతులా పట్టుకుని రొప్పుతోంది. వేసుకున్న బట్టలు ఒంటి మీద నిలవకుండా వేలాడుతున్నాయి.

"అన్నా, ఎవరావిడ?" అన్నాడు ఆమె చేతి భోజనం ఎన్నోసార్లు తిన్న కంకర డ్రైవరు.

బావ చేతిలోని బిస్కెట్ విరిగి టీలో పడిపోయింది.

బావమరిది రోడ్డు దాటి పరిగెత్తాడు. "అక్కా, ఒక్కదానివే వచ్చావా? కళ్ళు తిరిగి పడితే?"

"మీ బావ వస్తారని చెప్పులేసుకుని కూర్చున్నానురా. ఎంతకీ రాకపోతే నేనే బయల్దేరాను. దారిలో రెండుచోట్ల కూర్చున్నాను." ఆమె రోడ్డవతలికి చూసింది. "మీ మాటలు ఇక్కడికి బాగానే వినిపిస్తున్నాయండీ. సున్నా కాదు, చదువుకోండి. నేనింకా ఉన్నాను."

బావ లేచి వచ్చాడు. అంకెల వైపు చూశాడు, ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. ఎప్పటిలా గొప్పల కోతేదైనా కోస్తే బాగుండునని ఆ క్షణాన బావమరిదికే అనిపించింది.

"ఎనభై" అన్నాడు బావ. రోజూ డ్రైవర్లకి చదివినట్టే పైకి చదివాడు. పలక ఎక్కి ఆమె చెయ్యి కమ్మీ నుంచి విడిపించి తన భుజం మీద వేసుకున్నాడు. ఇద్దరూ దిగి మెల్లగా ఇంటి దారి పట్టారు.

"ఊరు చుట్టొచ్చిందన్నాడుగా. ఇల్లెంత దూరం?" అని అడిగాడు ముసలి డ్రైవరు.

"ఆ మలుపు తిరిగితే రెండో ఇల్లు" అన్నాడు బావమరిది.

మలుపు దాకా కూడా వెళ్ళకముందే ఆమె ఆగి రోడ్డు వారన రాయి మీద కూర్చుంది. బావ ఆమె ముందు నేల మీద కూర్చుని, వదులైపోయిన చెప్పు పట్టీని బిగించి కడుతున్నాడు.

పలక ఖాళీ అయింది, ఇక కంకర లారీదే వంతు. తూచడానికి మనిషి లేడు. డ్రైవరు వెళ్ళి లారీ ఎక్కి కూర్చున్నాడు గానీ హారన్ కొట్టలేదు.