రేడియేటర్ వెనక గోడ

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒక ఇంటి స్నానాలగది. భార్య బెరిల్ చనిపోయాక ఒంటరిగా ఉంటున్న ఇంటాయన ఆ పూటే ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాడు. పక్కన పొరుగింటి స్నేహితుడు నిలబడి ఉన్నాడు.

“నీకు తాళంచెవి ఇచ్చింది పిల్లికి తిండి పెట్టమని. గది వెచ్చబెట్టే నా రేడియేటర్ పీకేసి ఈ ఇనప నిచ్చెన బిగించమని కాదు.”

“నిచ్చెన కాదురా, తువ్వాళ్లు వెచ్చబెట్టే కమ్మీలు. మీ అమ్మాయే అడిగింది, నీకు చెప్పొద్దంది.”

“నువ్వు సరేనన్నావు!”

“నువ్వేగా ఎప్పుడూ దాన్ని తుప్పుముండ అని తిట్టేవాడివి?”

“వాననీ తిడతాను. అంతమాత్రాన వద్దంటానా? బెరిల్ నా తువ్వాలు దానిమీదే ఆరేసేది. ఎక్కడుంది అది?”

“పాత ఇనుమువాడు పట్టుకుపోయాడు.”

“గోడమీద ఆ పసుపు పువ్వులేమిటి?”

“పాత గోడకాగితం. రేడియేటర్ వెనక ఎవరు రంగేస్తారు? మీరూ వేయలేదు. రేపు టైల్స్ అతికించి కప్పేస్తాలే.”

“ముట్టుకోకు. కొత్త కాపురంలో బెరిల్ అంటించింది అది. మొత్తం రంగు కింద పోయిందనుకున్నాను.”

“కమ్మీల సందుల్లోంచి కనిపిస్తుంది మరి.”

“కనిపించనీ. తాళంచెవి ఇలా ఇవ్వు.”

“మరి పిల్లికి?”

“నేనొచ్చానుగా. టీ తాగి వెళ్లు. ఇకమీదట తలుపు కొట్టి రా.”